రెండు ఎయిర్‌పోర్ట్‌ల మధ్య దూరం, ఫ్లైట్ టైం: కాకిలెక్కలు వద్దనుకుంటే ఇలా చూసుకోండి

రెండు ఊళ్ల పేర్లు కొట్టి దూరం ఎంత, ఫ్లైట్ టైం ఎంత అని వెతికితే క్షణంలో జవాబు వచ్చేస్తుంది. లండన్ నుంచి న్యూయార్క్‌కి అయితే 5,540 కిలోమీటర్లు, ఏడు గంటలు అని ఏదో ఒకటి కనబడుతుంది. ఇందులో మొదటి అంకెని నమ్మొచ్చు. రెండోదాన్ని నమ్మి ఎవరికైనా మాటిచ్చారంటే మాత్రం ఇరుక్కుంటారు. ఎందుకంటే ఇలాంటి సైట్లలో చాలావరకు చేసేది ఒక్కటే: దూరాన్ని గంటకు 800 అనో 850 అనో ఒక వేగంతో భాగించడం, దానికి ఒక అరగంట కలపడం, మన ముందు పెట్టేయడం. అందుకే అవి వెళ్లడానికీ రావడానికీ ఒకే టైం చూపిస్తాయి. టికెట్ తీసి చూడండి, అదే రూట్‌లో లండన్ నుంచి వెళ్లడానికి దాదాపు ఎనిమిది గంటలు, తిరిగి రావడానికి ఏడు గంటలు అని ఉంటుంది. దూరం అదే, విమానం అదే, మరి ఆ గంట ఎక్కడికి పోయింది?

ఆ గంట సంగతి తేలాలంటే దూరాన్నీ టైంనీ విడివిడిగా చూడాలి. దూరం భూమికి సంబంధించిన లెక్క, ఒకసారి చేస్తే అయిపోతుంది. టైం అలా కాదు, అది గాలి, రూటు, రన్‌వే దగ్గర క్యూ, విమానసంస్థ ముందుజాగ్రత్త ఇవన్నీ కలిసిన వ్యవహారం.

ముందు ఎయిర్‌పోర్ట్ ఏదో తేల్చుకోండి

ఊరి పేరుతో వెతకొద్దు, ఎయిర్‌పోర్ట్ కోడ్‌తో వెతకండి. టికెట్ మీద ఉండే మూడక్షరాల కోడ్ చాలు. లండన్ అంటే ఒక ఎయిర్‌పోర్ట్ కాదు, హీత్రో, గాట్విక్, స్టాన్‌స్టెడ్, లూటన్, సిటీ, సౌతెండ్ అని ఆరున్నాయి. టోక్యోకి హనేదా, నరీటా అని రెండు. వీటి మధ్య తేడా ఆకాశంలో పెద్దగా ఉండదు గానీ నేల మీద గంటన్నర ప్రయాణం తేడా రావచ్చు. ఇంకో తంటా ఏంటంటే పేర్లు. బర్మింగ్‌హామ్ ఇంగ్లండ్‌లో ఒకటి, అమెరికాలో అలబామాలో ఇంకోటి. సిడ్నీ ఆస్ట్రేలియాలోనే కాదు, కెనడాలోని నోవా స్కోషియాలో కూడా ఉంది. శాన్ హోసే కాలిఫోర్నియాలోనూ ఉంది, కోస్టారికాలోనూ ఉంది. కోడ్ కొడితే ఈ గొడవే ఉండదు.

దూరం లెక్కేయడం

సులువైన దారి గ్రేట్ సర్కిల్ మ్యాపర్ అనే సైట్. రెండు కోడ్‌ల మధ్య ఒక అడ్డగీత పెట్టి కొడితే దూరం చెబుతుంది, మ్యాప్ మీద గీత కూడా గీసి చూపిస్తుంది. గూగుల్ ఎర్త్‌లో రూలర్ తీసుకుని రెండు రన్‌వేల మీద చుక్కలు పెట్టినా సరిపోతుంది. ఇంట్లో గ్లోబు ఉంటే ఒక దారం తీసుకుని రెండు ఊళ్ల మధ్య బిగించి పట్టుకోండి, దారం ఎటు పోతుందో అదే అతి దగ్గర దారి. నిజానికి ఈ దారం పద్ధతి ఒక్కసారి చేసి చూస్తే మిగతావన్నీ ఇట్టే అర్థమవుతాయి, అందుకే ఎవరడిగినా ముందు ఇదే చెబుతాను.

దారం పట్టుకోగానే కనిపించే వింత, అది మామూలు మ్యాప్‌లో మనం గీసే సరళరేఖ మీద పోదు. లండన్ నుంచి లాస్ ఏంజెలెస్‌కి దారం పెడితే గ్రీన్‌లాండ్ మీదుగా వెళ్తుంది. సిడ్నీ నుంచి చిలీలోని సాంటియాగోకి పెడితే, మ్యాప్‌లో పసిఫిక్ మధ్యలోంచి నేరుగా పోవాల్సింది కాస్తా, కిందకి దిగి అంటార్కిటికా వైపు వంగుతుంది. విమానం ఊరికే చుట్టూ తిప్పి తీసుకెళ్తోందని సీటు ముందు స్క్రీన్ చూసి తిట్టుకునేవాళ్లని చూశాను. తప్పు పైలట్‌ది కాదు, మ్యాప్‌ది. మనం గోడకి తగిలించుకునే మ్యాప్ చాలాసార్లు మెర్కేటర్ అనే ఆయన 1569లో గీసిన పద్ధతిలోది, ఓడలకి దిక్సూచి పట్టుకుని వెళ్లడానికి అది బాగా పనికొచ్చేది, కానీ ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ అన్నిటినీ సాగదీసేస్తుంది. ఆ మ్యాప్ మీద స్కేలు పెట్టి గీసిన గీత వెంబడే లండన్ నుంచి న్యూయార్క్ వెళ్తే సుమారు 5,760 కిలోమీటర్లు అవుతుంది, గ్లోబు మీద దారం దారిలో 5,540. అంటే మ్యాప్‌లో నేరుగా కనిపించేదే 220 కిలోమీటర్లు ఎక్కువ.

సైట్ మీద ఆధారపడకుండా మీరే లెక్కేసుకోవాలంటే, లేదా ఎక్సెల్‌లో రెండు వందల రూట్లకి ఒకేసారి కావాలంటే, చేతిలో ఉండాల్సింది రెండు ఎయిర్‌పోర్ట్‌ల అక్షాంశం, రేఖాంశం మాత్రమే. హీత్రో 51.47 ఉత్తరం, 0.46 పడమర. న్యూయార్క్ జేఎఫ్‌కే 40.64 ఉత్తరం, 73.78 పడమర. రేఖాంశాల తేడా 73.32 డిగ్రీలు. రెండు అక్షాంశాల సైన్‌లని గుణించండి: 0.7823 ఇంటూ 0.6513, అంటే 0.5095. తర్వాత రెండు అక్షాంశాల కొసైన్‌లని, రేఖాంశాల తేడా కొసైన్‌ని, మూడింటినీ గుణించండి: 0.1357 వస్తుంది. రెండూ కలిపితే 0.6452. ఏ కోణానికి కొసైన్ ఇంత అని వెనక్కి వెతికితే 49.82 డిగ్రీలు. భూమి మీద ఒక డిగ్రీ అంటే సుమారు 111.19 కిలోమీటర్లు, గుణిస్తే 5,540. అంతే. పదో తరగతి త్రికోణమితి జీవితంలో ఎక్కడ పనికొస్తుందని అడిగేవాళ్లకి ఇదిగో జవాబు.

ఇందులో జనం పప్పులో కాలేసే చోట్లు మూడున్నాయి. ఎక్సెల్ డిగ్రీలు తీసుకోదు, రేడియన్లు కావాలి, మార్చకుండా పెడితే పిచ్చి అంకెలు వస్తాయి, అది వెంటనే తెలిసిపోతుంది కాబట్టి పర్లేదు. రెండోది, 51 డిగ్రీల 28 నిమిషాలు అంటే 51.28 కాదు, 28ని 60తో భాగించాలి, అప్పుడు 51.47 అవుతుంది. మూడోది పడమర రేఖాంశానికి మైనస్ గుర్తు పెట్టడం. ఈ మైనస్ నన్ను బాగా ఏడిపించింది. ఒకసారి ఒక షీట్‌లో జేఎఫ్‌కేకి మైనస్ పెట్టడం మర్చిపోయాను. అప్పుడు ఆ చుక్క అమెరికాలోంచి లేచి వెళ్లి కిర్గిజ్‌స్తాన్‌లో పడుతుంది. ప్రపంచానికి అటు చివర. కానీ దూరం ఎంత వచ్చిందో తెలుసా, 5,600! ఉండాల్సింది 5,540. కళ్లకి ఏ అనుమానమూ రాదు, పైగా దగ్గర్లోనే ఉంది కదా అని గుండె మీద చెయ్యేసుకుని పంపించేశాను. అదే షీట్‌లో లాస్ ఏంజెలెస్‌కి కూడా మైనస్ మర్చిపోయాను, దానికీ టోక్యోకీ దూరం మరీ చిన్నదిగా కనబడే సరికి అప్పుడు వెనక్కి వెళ్లి వెతికాను. కాబట్టి షీట్ తయారు చేస్తే దూరాలు మాత్రమే చూసి వదిలేయకండి, ఒక్కసారి చుక్కలన్నీ మ్యాప్ మీద పెట్టి చూడండి.

ఈ లెక్కలో భూమిని గుండ్రటి బంతి అనుకున్నాం, వ్యాసార్థం 6,371 కిలోమీటర్లు. నిజానికి అది పైనా కిందా కాస్త నొక్కినట్టు ఉంటుంది, భూమధ్యరేఖ దగ్గర 6,378, ధ్రువాల దగ్గర 6,357. దానివల్ల వచ్చే తేడా అర శాతం లోపే. రెండు సైట్లలో ఒకే రూట్‌కి పది ఇరవై కిలోమీటర్లు తేడా కనిపిస్తే కారణం ఇదే, ఒకరు బంతి లెక్క వేశారు, ఇంకొకరు నొక్కిన బంతి లెక్క వేశారు. టెన్షన్ పడాల్సిందేమీ లేదు. యూనిట్లు మాత్రం చూసుకోండి. విమానాల వాళ్ల మైలు వేరు, అది నాటికల్ మైలు, 1.852 కిలోమీటర్లు. రోడ్డు మైలు 1.609. లండన్, న్యూయార్క్ దూరం ఒకచోట 2,990 అని, ఇంకోచోట 3,440 అని ఉంటే రెండూ కరెక్టే.

గాల్లో దారి దారంలా ఉండదు

అతి దగ్గర దారి తెలిసినంత మాత్రాన విమానం ఆ దారినే పోదు. గాలి ఎటు నుంచి వీస్తుంటే అటు ముఖం పెట్టి టేకాఫ్ అవ్వాలి, కాబట్టి పడమరకి వెళ్లాల్సిన విమానం తూర్పుకి లేచి చుట్టి రావచ్చు. పైకెళ్లాక నిర్ణయించిన దారుల్లో, పాయింట్ నుంచి పాయింట్‌కి వెళ్లాలి. సైన్యం వాడుకునే ఆకాశం ఉంటుంది, ఉరుముల మేఘాలు ఉంటాయి. రెండు ఇంజన్ల విమానం సముద్రం మీద వెళ్తుంటే ఒక ఇంజన్ ఆగినా ఇంత సమయంలో ఏదో ఒక ఎయిర్‌పోర్ట్‌కి చేరుకోగలగాలి అనే నియమం ఉంది, దాంతో దారి కాస్త వంగుతుంది. అట్లాంటిక్ మీద అయితే ఆ రోజు గాలుల్ని బట్టి రోజుకో రకంగా దారులు గీస్తారు, నిన్న వెళ్లిన దారి ఇవాళ ఉండదు. వీటన్నిటికీ కలిపి నేను దూరానికి మూడు నాలుగు శాతం ఎక్కువేసుకుంటాను, మామూలు రోజుల్లో సరిపోతుంది.

మామూలు రోజులు కానప్పుడు ఏ లెక్కా నిలబడదు. హెల్సింకి నుంచి టోక్యో సుమారు 7,800 కిలోమీటర్లు, రష్యా మీదుగా తొమ్మిదిన్నర గంటల్లో వెళ్లిపోయేవారు. 2022 ఫిబ్రవరిలో యుద్ధం మొదలయ్యాక రష్యా ఆకాశం మూతపడింది, ఆ ఫ్లైట్ ఉత్తర ధ్రువం వైపు నుంచో దక్షిణం నుంచో చుట్టి వెళ్లాల్సి వచ్చి పదమూడు గంటలకి చేరింది. రెండు ఎయిర్‌పోర్ట్‌లూ ఉన్నచోటే ఉన్నాయి, దూరం చెప్పే సైట్‌లో ఇప్పటికీ 7,800 అనే ఉంటుంది, భాగించి చెప్పే టైం కూడా పాతదే ఉంటుంది. మీ రూట్ మధ్యలో అలాంటి దేశం ఏదైనా ఉందేమో చూసుకోవడం మర్చిపోవద్దు.

టైం దగ్గరికొద్దాం

పెద్ద జెట్ విమానాలు, బోయింగ్ 787, ఎయిర్‌బస్ ఏ350 లాంటివి, పైన గంటకు 900 కిలోమీటర్ల దగ్గర ఎగురుతాయి. ఏ320, 737 లాంటి చిన్నవి 830 దగ్గర. ప్రొపెల్లర్ ఉండే ఏటీఆర్ 72 అయితే 500 దగ్గర, కాబట్టి విమానం ఏదో తెలియకుండా టైం లెక్కేయడం నేల విడిచి సాము చేయడమే. టికెట్ బుక్ చేసే చోట విమానం రకం రాసే ఉంటుంది, చూడండి.

ఇది పైకి చేరాక ఉండే వేగం. కింద అంత ఉండదు. చాలా దేశాల్లో పదివేల అడుగుల లోపు 250 నాట్లు దాటకూడదు, అంటే గంటకు 463 కిలోమీటర్లు. ముప్పై అయిదు వేల అడుగుల ఎత్తు నుంచి దిగడం మొదలుపెట్టేది ల్యాండింగ్‌కి సుమారు 200 కిలోమీటర్ల ముందే. ఎక్కడానికి కూడా దాదాపు అంత దూరం పడుతుంది. ఇప్పుడు హీత్రో నుంచి పారిస్ చార్ల్స్ డి గాల్ చూడండి, 348 కిలోమీటర్లు. ఎక్కడం అయ్యేలోపే దిగడం మొదలవుతుంది, ఫుల్ స్పీడ్ అందుకునే సందే లేదు. భాగిస్తే పాతిక నిమిషాలు వస్తుంది, టికెట్ మీద గంటా పావు పైనే ఉంటుంది. భాగించే పద్ధతి దూరం ప్రయాణాల్లో కాస్త తప్పుతుంది గానీ, దగ్గర ప్రయాణాల్లో పూర్తిగా బోల్తా కొడుతుంది. ఇంకా దగ్గరిది కావాలంటే, స్కాట్లాండ్ పైన ఓర్క్నీ దీవుల్లో వెస్ట్రే నుంచి పాపా వెస్ట్రేకి ఒక ఫ్లైట్ ఉంది, దూరం 2.7 కిలోమీటర్లు, టైంటేబుల్‌లో రెండు నిమిషాలు, గాలి బాగుంటే నిమిషం లోపే అయిపోయిన రోజులున్నాయి. రెండో చివర సింగపూర్ నుంచి న్యూయార్క్, 15,300 కిలోమీటర్ల పైమాటే, ఆగకుండా పద్దెనిమిదిన్నర గంటలు దాటుతుంది.

ఇక గాలి. మొదట్లో అడిగిన ఆ గంట తినేసేది ఇదే. విమానం వేగం అంటే గాలితో పోలిస్తే వేగం, నేలతో పోలిస్తే కాదు. నది మీద పడవలాగే, ప్రవాహంతో పోతే తొందరగా, ఎదురీదితే ఆలస్యంగా. విమానాలు ఎగిరే ఎత్తులో పడమర నుంచి తూర్పుకి వీచే గాలి ప్రవాహాలున్నాయి, వాటినే జెట్ స్ట్రీమ్ అంటారు, చలికాలంలో ఒక్కోసారి గంటకు 300 కిలోమీటర్లు కూడా దాటుతాయి. వీటిని 1920ల్లోనే జపాన్ శాస్త్రవేత్త వాసాబురో ఓయిషి బెలూన్లు వదిలి కనిపెట్టాడు, అయితే పాపం ఆ రిపోర్టుని అందరికీ అర్థమవ్వాలని, అన్ని దేశాలవాళ్లూ వాడుకోవాలని తయారు చేసిన ఎస్పెరాంటో అనే భాషలో రాశాడు, దాంతో దాదాపు ఎవరూ చదవలేదు. 2020 ఫిబ్రవరిలో తుఫాను గాలి వెనక నుంచి తోస్తే ఒక బ్రిటిష్ ఎయిర్‌వేస్ 747 న్యూయార్క్ నుంచి లండన్‌కి 4 గంటల 56 నిమిషాల్లో వచ్చేసింది. నేల మీద నుంచి చూస్తే గంటకు 1,300 కిలోమీటర్లు దాటింది. అలాగని ధ్వని వేగం దాటలేదు, ఎందుకంటే చుట్టూ ఉన్న గాలి కూడా దాంతోపాటే పరుగెడుతోంది.

భూమి తిరగడం వల్ల టైం తేడా వస్తుందా అని చాలామంది అడుగుతారు. భూమితోపాటు గాలి కూడా తిరుగుతోంది, విమానం ఆ గాల్లోనే ఉంది, కాబట్టి భూమి కింద నుంచి జారిపోయి ఊరు దగ్గరికి వచ్చేయడమనేది ఉండదు. జెట్ స్ట్రీమ్ పడమర నుంచి తూర్పుకే ఎందుకు వీస్తుందనే దానిలో మాత్రం భూభ్రమణం పాత్ర ఉంది, సూర్యుడి వేడి తేడాలతోపాటు.

వెళ్లేటప్పుడు పోయింది వచ్చేటప్పుడు కలిసొస్తుంది కదా, చివరికి సమానమే అనుకుంటాం. కాదు. 5,600 కిలోమీటర్లకి గాలి లేకపోతే గంటకు 900 చొప్పున రానూపోనూ 12 గంటల 27 నిమిషాలు. గాలి గంటకు 100 ఉంటే వెళ్లడానికి 800 వేగంతో ఏడు గంటలు, రావడానికి 1,000 వేగంతో 5 గంటల 36 నిమిషాలు, మొత్తం 12 గంటల 36 నిమిషాలు. తొమ్మిది నిమిషాలు గాలి తినేసింది. ఎదురుగాలిలో ఎక్కువసేపు ఉంటాం, వెనకగాలిలో తక్కువసేపు ఉంటాం, అదీ కిటుకు.

ఇప్పుడు అన్నీ కలిపి హీత్రో నుంచి జేఎఫ్‌కేకి వేద్దాం. 5,540కి మూడు శాతం కలిపితే 5,700 అనుకోండి. ఎదురుగాలి 100 అనుకుంటే 800తో భాగించాలి, 7 గంటల 8 నిమిషాలు. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ నెమ్మదిగా పోయినందుకు ఒక పావుగంట. గేటు నుంచి రన్‌వేకి, అటుపక్క రన్‌వే నుంచి గేటుకి కలిపి 35 నిమిషాలు, పెద్ద ఎయిర్‌పోర్ట్‌లో ఈ మాత్రం మామూలే. మొత్తం 7 గంటల 58 నిమిషాలు. టికెట్ మీద ఎనిమిది గంటలు అని ఎందుకుందో తేలిపోయింది. వెనక్కి అదే లెక్క 1,000తో వేస్తే ఆరున్నర గంటలు వస్తుంది, టికెట్ మీద ఏడు గంటల దగ్గర ఉంటుంది. మిగిలిన ఆ అరగంట విమానసంస్థ జేబులో దాచుకునేది. పది నిమిషాలు ఆలస్యంగా బయల్దేరినా టైంకి చేరామని చెప్పుకోవడానికి టైంటేబుల్‌లో ముందే కాస్త ఎక్కువ రాసుకుంటారు. అమెరికాలో అయితే రాసిన టైం కంటే పదిహేను నిమిషాల లోపు ఆలస్యమైతే టైంకి వచ్చినట్టే లెక్క.

అంటే ఫ్లైట్ టైం అన్న ఒక్క మాట కింద రెండు టైంలు దాక్కుని ఉన్నాయి. గాల్లో ఉన్న టైం ఒకటి, గేటు నుంచి గేటు దాకా పట్టే టైం ఇంకోటి. టికెట్ మీద ఉండేది రెండోది. సైట్లు చెప్పేది చాలాసార్లు మొదటిదానికి దగ్గరగా ఉంటుంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి ఏది అబద్ధమా అని బుర్ర పాడు చేసుకోవద్దు.

ఇంత లెక్క ఎవడు చేస్తాడు అంటారా, నిజమే. నేను ఇప్పుడు చేసే పని చెబుతాను. ఫ్లైట్‌రాడార్24లోనో ఫ్లైట్‌అవేర్‌లోనో ఫ్లైట్ నంబర్ కొడతాను. గత కొద్ది రోజుల్లో అదే ఫ్లైట్ ఎన్నింటికి లేచింది, ఎన్నింటికి దిగింది అన్నీ వరసగా ఉంటాయి. వారం రోజులవి చూసి, మరీ తొందరగా వచ్చింది, మరీ ఆలస్యమైంది పక్కన పెట్టి, మధ్యలో ఉన్నది తీసుకుంటాను. ఆ రూట్, ఆ విమానం, ఆ సీజన్ గాలి, ఆ ఎయిర్‌పోర్ట్ క్యూ అన్నీ అందులోనే ఉంటాయి. ఒక్క జాగ్రత్త, జులైలో చూసిన టైంని జనవరికి వాడొద్దు, గాలి మారిపోతుంది. ఫ్లైట్ లేని రూట్ గురించి తెలుసుకోవాలన్నప్పుడే పై లెక్కంతా.

గడియారాల తంటా

సగం తప్పులు దూరంలోనూ ఉండవు, గాలిలోనూ ఉండవు, ఇక్కడే ఉంటాయి. టికెట్ మీద బయల్దేరే టైం ఎక్కే ఊరి గడియారం ప్రకారం, చేరే టైం దిగే ఊరి గడియారం ప్రకారం. పదకొండుకి లండన్‌లో ఎక్కి మధ్యాహ్నం రెండుకి న్యూయార్క్‌లో దిగితే మూడు గంటల ప్రయాణం కాదు, అయిదు గంటల తేడా కలిపితే ఎనిమిది. తేడాలన్నీ పూర్తి గంటల్లో కూడా ఉండవు, భారత్ ప్రపంచ ప్రామాణిక సమయానికి అయిదున్నర గంటలు ముందుంటుంది, నేపాల్ అయిదు ముప్పావు. నేనైతే రెండు టైంలనీ ముందు ప్రామాణిక సమయంలోకి మార్చి, తర్వాతే తీసివేస్తాను. నోటి లెక్క వేసిన ప్రతిసారీ కూడాల్సిన చోట తీసేశాను.

పసిఫిక్ దాటితే ఇంకా తమాషా. వేసవిలో టోక్యోలో సాయంత్రం అయిదుకి ఎక్కి పది గంటలు ప్రయాణం చేస్తే లాస్ ఏంజెలెస్‌లో దిగేది అదే రోజు ఉదయం పదకొండుకి. ఎక్కడానికి ఆరు గంటల ముందే దిగిపోయారన్నమాట. తిరుగు ప్రయాణంలో ఉదయం పదకొండుకి ఎక్కి, ఎదురుగాలిలో పన్నెండు గంటలు పోయి, మర్నాడు మధ్యాహ్నం మూడుకి దిగుతారు. టికెట్ మీద చేరే టైం పక్కన చిన్నగా ప్లస్ ఒకటి అని ఉందంటే అది మర్నాడు అని. ఆ చిన్న అంకె చూడకుండా హోటల్ బుక్ చేసి ఒక రాత్రి డబ్బులు పోగొట్టుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను.

గడియారాలు మార్చే దేశాల మధ్య ఇంకో చిక్కు. లండన్, న్యూయార్క్ మధ్య అయిదు గంటల తేడా అని అందరికీ కంఠతా వచ్చు. కానీ అమెరికా మార్చిలో రెండో ఆదివారం గడియారం ముందుకి జరుపుతుంది, బ్రిటన్ మార్చి చివరి ఆదివారం. ఆ మధ్యలో రెండు మూడు వారాలు తేడా నాలుగు గంటలే. అక్టోబర్ చివర్లో మళ్లీ ఒక వారం ఇంతే. మా అక్క మార్చిలో న్యూయార్క్ నుంచి వస్తుంటే నేను అయిదు గంటలే వేసి, దానికి సైట్‌లో చూసిన ఫ్లైట్ టైం కలిపి, మహా తెలివిగా టైం రాసి పెట్టుకున్నాను. తీరా చూస్తే వెనకగాలి బాగుండి విమానం అరగంట ముందే వచ్చేసింది, నా లెక్కలో ఒక గంట ఎక్కువ పడింది, రెండూ ఒకే వైపు తప్పాయి. గంటన్నర సామాను మీద కూర్చుని నా కోసం చూసింది. తన చేతిలో టికెట్ ఉంది, దాని మీద చేరే టైం అచ్చు వేసి ఉంది. ఆ టైం అడిగితే సరిపోయేదానికి ఇంత లెక్క ఎందుకు చేశావురా అంది.

డైరెక్ట్, నాన్‌స్టాప్ ఒకటి కావు

టైం విషయంలో ఇదొక్కటి చెప్పాలి. నాన్‌స్టాప్ అంటే మధ్యలో దిగదు. డైరెక్ట్ అంటే ఫ్లైట్ నంబర్ మారదు, అంతే, మధ్యలో ఒకచోట దిగి గంట ఆగి మళ్లీ లేవచ్చు, ఒక్కోసారి విమానం కూడా మారొచ్చు. బుకింగ్ పేజీలో మొత్తం సమయం అని చూపించే దానిలో ఈ ఆగడం, మారడం, ఎదురుచూడడం అన్నీ కలిసి ఉంటాయి. దాన్ని దూరంతో భాగించి ఇదేం విమానంరా నత్తలా పోతోంది అనుకోవద్దు. మధ్యలో మారాల్సి ఉంటే ఒక్కో ముక్కకీ విడిగా దూరం చూసి కలపండి, నేరుగా ఉండే దూరానికీ దీనికీ మధ్య ఒక్కోసారి రెండు మూడు వేల కిలోమీటర్ల తేడా ఉంటుంది, టికెట్ చవకగా ఎందుకు వచ్చిందో అప్పుడు అర్థమవుతుంది.

ఎవరినైనా తీసుకురావడానికి వెళ్తున్నట్టయితే టికెట్ మీద టైం కాదు, ఫ్లైట్ నంబర్ అడగండి. ఫోన్‌లో ల్యాండ్ అయింది అని కనిపించాక కూడా విమానం గేటు దగ్గరికి రావడానికి పది నిమిషాలు, తలుపు తీసి అందరూ దిగడానికి ఇంకో పది, వేరే దేశం నుంచి వస్తే పాస్‌పోర్ట్ లైను, సామాను బెల్టు. చేతి సంచీ మాత్రమే ఉన్నవాళ్లు ముందొస్తారు. నాలుగు పెట్టెలతో వచ్చేవాళ్లయితే ల్యాండ్ అయ్యాక బయల్దేరినా సరిపోవచ్చు, అక్క మాత్రం ఇప్పుడు విమానం ఎక్కగానే నాకు నంబర్ పంపి, దిగాక ఇంకోసారి ఫోన్ చేసి మరీ ఎక్కడున్నావని అడుగుతోంది.